మూడో శనివారం గడి

కేసు నంబరు తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను, నాయనా? పొద్దుట్నుంచీ మూడు కిటికీలు తిరిగాను. అందరిదీ ఒకటే పాట. మనిషి మీద కేసు ఉందో లేదో చెప్పడానికే కదా ఈ కోర్టు రికార్డు గది?

ప్రతివాదుల్లో వెతుకు. పిల్లలకి అతను గంట మావయ్య. మీ కంప్యూటరుకి ఆ వరస తెలియదు కాబట్టి అసలు పేరు చీటీ మీద రాసి తెచ్చాను. మా బళ్లో గంట కొట్టే అటెండరు. నేనా? అక్కడే హెడ్మిస్ట్రెస్‌ని, రిటైరై రెండేళ్లయింది.

చుట్టాన్ని కాను. ఊరికే, తెలుసుకుందామని.

దొరికిందా? ఉండు, అద్దాలు పెట్టుకోనీ. కేసు వేసింది ఆ పడ్డ పిల్ల తండ్రి. ప్రతివాదులు... ఒకటి, బడి కమిటీ. రెండు, అతను. ఇంకా కిందకి జరుపు. మూడో పేరు లేదూ?

అయితే మా అబ్బాయి చెప్పింది నిజమే. నీ పేరు లేదుగా, ఇంక నీకెందుకమ్మా అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నలభై మందిని గీత మీద నిలబెట్టినదాన్ని, ఒక్కణ్ణి పక్కకి జరపలేనా?

నేను రిటైరయ్యే ఏడాది మెట్ల రెయిలింగు ఊడి నాలుగో తరగతి పిల్ల పడింది. ఇప్పటికీ కుంటుతోంది. రెయిలింగు సంగతి అటెండరు చెప్పలేదని కమిటీ వాదన. ఉద్యోగం పీకేశారు. రాశానని అతను మొత్తుకున్నాడట, రిజిస్టరేదీ అంటే బడంతా వెతికాడట, దొరకలేదట. ఇదంతా నాకెవరు చెప్పారు? మొన్న బజార్లో అతని భార్య నన్ను చూసి మొహం తిప్పుకుంటే, పక్కావిడని అడిగాను. ఇంటికెళ్లి పెట్టె తెరిచాను.

ఇదిగో, ఆ రిజిస్టరు. నా పుస్తకాలతో కలిసి ఇంటికొచ్చేసింది. ప్రతి శనివారం అతను బడంతా చూసి ఇందులో రాయాలి. అది చదివి నేను సంతకం పెట్టాలి. అర్థమైందా? ముందు రాత, తర్వాత సంతకం.

నేనేమో నెల మొదటి రోజే నాలుగు ఖాళీ గళ్ల కిందా నాలుగు సంతకాలు గీకేసేదాన్ని. పని తెమిలిపోతుందని.

ఈ మూడో శనివారం గడి చదువు. పైకి.

“మెట్ల రెయిలింగు కదులుతోంది. వెంటనే బిగించాలి.”

కింద సంతకం నాదే. పిల్ల పడింది ఆ తర్వాతి బుధవారం. నోటితో ఎందుకు చెప్పలేదంటావా? దారిలో ఆపి నస పెట్టొద్దు, రాసిపెట్టు, చదువుతాను అన్నది నేనే. చదవకుండా టిక్కు కొట్టే టీచర్లని నిలబెట్టి కడిగేసినదాన్ని కూడా నేనే.

పరువు పోతుందంటాడు మా అబ్బాయి. పోనీ. నా పరువుని ఆ ముసలాడి నెత్తిన పెట్టి ఎన్నాళ్లు మోయించను?

రిజిస్టరు నీకివ్వనులే, అతని వకీలు చేతికే ఇస్తాను. నంబరు రాసివ్వు. దానికీ దరఖాస్తా? ఇలా తే.

సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించక్కర్లేదు. వెనక జనం ఉంటే ఉండనీ. ముందు మొత్తం చదవనీ.