వృద్ధాశ్రమం వీధిలో హైడ్రెంట్

టెక్సస్‌లో వాన మొహం చూడని మూడో వేసవి. వృద్ధాశ్రమంలో మంటలార్పే స్ప్రింక్లర్లకు నక్షా గీస్తున్న వర్నన్, నీళ్ల ఆఫీసులో డోరీన్ కూర్చునే కిటికీకి మోచేతులు ఆనించాడు. ఆశ్రమం వీధిలో ఫైరింజన్లకు నీళ్లిచ్చే లావుపాటి కొళాయి, అదే హైడ్రెంట్, దాని గురించి ఎన్నిసార్లు అడిగాడో అతనికే గుర్తులేదు.

"ఒక్కసారి వీధిలో హైడ్రెంట్ తిప్పి, నీళ్ల జోరు కొలవనివ్వండి డోరీన్ గారూ."

"గడ్డి ఎండిపోయి జనం ఏడుస్తుంటే నువ్వు రోడ్డు మీద ఏరు పారిస్తావా? కిందటిసారి తిట్లు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. కంప్యూటర్ లెక్కకట్టి ఇచ్చిందిగా, పట్టుకెళ్లు."

"అది పైపులు కొత్తగా ఉన్నప్పటి లెక్క. యాభై ఏళ్ల తుప్పు దానికేం తెలుసు? మంటొస్తే ఆ ముసలాళ్లు పరిగెత్తలేరు."

"జోరుకు లోటు లేదని కంప్యూటర్ అంటోంది వర్నన్. నా ప్రాణం తియ్యకు."

"మీ ఇల్లూ ఆ వీధేగా. మేడ మీద స్నానానికి నీళ్లెలా వస్తాయి?"

"ఎక్కడొస్తాయి! కింద బట్టల మిషన్ వేస్తే ఒంటినిండా సబ్బుతో నిలబడాల్సిందే. మా ఇంటి పైపులే పాడయ్యాయనుకున్నా, పక్కింటావిడదీ అదే గోల..."

డోరీన్ కంప్యూటర్ లెక్కల కాగితం పక్కకు నెట్టేసింది. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"హైడ్రెంట్ తిప్పే రెంచి తెచ్చావా?"

"బండిలో ఉంది."

"పద. తిట్లు నేను తింటాలే."