బుధవారం నాటి నువ్వు

కొలోన్ నగరం, 1983. కార్నివాల్ పండగ ముగిసిన మర్నాడు, బూడిద బుధవారం, పొద్దున పదిన్నర. స్నానాల తొట్లు తయారుచేసే కంపెనీలో డైరెక్టర్ హార్మ్‌సెన్, ఆయన సెక్రటరీ ట్రూడె ప్యూట్స్.

"నేనా? ఆయన్ని 'నువ్వు' అన్నానా?"

"అన్నారు."

"కార్మిక సంఘం కుల్మన్ని?"

"అన్నారు డైరెక్టరుగారూ. సోమవారం, కింద క్యాంటీన్లో. ఇకనుంచి 'నువ్వు' అనుకుందామని ఆనవాయితీగా చెయ్యీ చెయ్యీ మెలేసుకుని, గ్లాసు ఖాళీ చేసి..."

"ఆగండి, ఆగండి. చెయ్యి కూడా మెలేశానా?"

"తర్వాత బుగ్గ మీద ముద్దు. ఆయన మీసం గుచ్చుకుందని మీరే అరిచారు."

"అయ్యో దేవుడా! ప్యూట్స్ గారూ, ఆ కిటికీ తెరవండి. కాదు, వెయ్యండి. నాకేమీ గుర్తులేదే!"

"ఎలా ఉంటుంది? పండగ వేషంలో ఉన్నారు, కంటికి సముద్రపు దొంగ పట్టీ, తలమీద నా శాలువా. ఊరేసిన పుల్లచేప తెప్పించాను, తినండి. తాగిన తలనొప్పి దిగుతుంది."

"చేప తర్వాత. పదకొండుకి కుల్మన్ వస్తున్నాడు. తొలగింపు ఉత్తరాలు ఆయన చేతికివ్వాలి. సిద్ధమేనా?"

"సిద్ధమే. మూడు వందల నలభై. తొట్లకి ఎనామెల్ పూత వేసే షాపు మొత్తం. మూడు రోజులు టైపు చేశాను. నూట పన్నెండోది మా తమ్ముడిది."

"...నాకు తెలీదు."

"మీరు అడగలేదుగా. యుద్ధం అయ్యాక సైనికుల ఇనప టోపీలకి చిల్లులు పొడిచి, వడపోత గిన్నెలని అమ్మి బతికిన షాపు అది. మా నాన్న పొడిచాడు చిల్లులు. పోన్లెండి. ఇప్పుడు చిక్కల్లా, ఉత్తరాలన్నీ 'మీరు' అని కొట్టాను. పైది కుల్మన్‌దే. 'నువ్వు' అని మార్చమంటారా?"

"వేళాకోళమా? 'నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నాం' అని రాస్తామా ఎక్కడైనా?"

"అదే నేనూ అనుకున్నా."

"అసలు ఇక్కడ పండగలో అన్న మాట పండగతోనే పోతుందని విన్నానే!"

"మా ఊళ్ళో పోతుంది. మీది హాంబర్గ్ కదా మరి. మీ తాతగారి గురించి మీరే చెప్పారు..."

"చెప్పాను, నా నోరు పడిపోను! మా తాత జన్మలో ఇద్దర్నే 'నువ్వు' అన్నాడు. మా బామ్మని కూడా 'మీరు' అనేవాడు!"

"ఆ ఇద్దర్లో ఒకాయన వ్యాపారం మునిగితే..."

"ఓడ అమ్మి ఆదుకున్నాడు. తెలుసు, తెలుసు. మా ఇంట్లో 'నువ్వు' అంటే అంత. 'నువ్వు' అన్న కుల్మన్ చేతిలో ఈ కాగితాలు ఎలా పెట్టను?"

"పెట్టకండి."

"బ్యాంకు వాళ్ళు నన్ను ఉరి తీస్తారు!"

"నవంబర్లో కుల్మన్ ఒక కాగితం ఇచ్చారు. అందరికీ వారానికి మూడు రోజుల పని, ఎవర్నీ తియ్యకుండా. మీరు చదవలేదు. నీలం ఫైల్లో ఉంది."

"ఎక్కడ?"

"మీ చేప కింద."

"...ఇదా. ఊఁ. ఊఁ... ఇది కుదిరేలా ఉందే! ఎవరూ చెప్పరే?"

"వారం వారం చెప్పాను."

"సరే. ఆ ఉత్తరాలు పొయ్యిలో పడెయ్యండి. బ్యాంకుకి నేను ఫోన్ చేస్తా. అబ్బ, ఏమిటిది, నవ్వొస్తోంది నాకు! ఎవరది? లోపలికి రా, రా కుల్మన్! కూర్చో. నువ్వు కాఫీ తాగుతావా?"

"ఎవరూ... నేనా? డైరెక్టరుగారూ, మీరు నన్ను 'నువ్వు' అంటున్నారండీ!"

"మొహమాటం దేనికయ్యా! సోమవారం చెయ్యి మెలేసుకుని తాగాం, ముద్దులు పెట్టుకున్నాం. నీ మీసం ఇంకా గుచ్చుకుంటోంది!"

"సోమవారమా? జ్వరమొచ్చి మంచం దిగలేదండీ నేను. కావాలంటే మా ఆవిడని అడగండి."

"ప్యూట్స్ గారూ!"

"చెప్పండి డైరెక్టరుగారూ."

"సోమవారం నేనేం చేశాను?"

"రెండో గ్లాసుకే, అందరూ విప్పి పడేసిన కోట్ల గుట్ట మీద నిద్రపోయారు. ఎవర్నీ ఏమీ అనలేదు. ఒకవేళ అన్నా, పండగ నాటి 'నువ్వు' ఇవాళ చెల్లేది కాదు. మీరు ఇప్పుడన్నారు చూశారూ... అదీ చెల్లేది."