తాళాలావిడ తోట

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. పాత బంగళా, రాత్రికి పడక, పొద్దున టిఫిను, చుట్టూ తోట. బాగానే వెతికావే తల్లీ. ఇలాంటి ఇంట్లోనే మేమూ దిగాం, నేనూ మీ నానమ్మా, పెళ్లయిన కొత్తలో. ఆ ఇంటావిడ బొడ్లో ఇంత తాళాల గుత్తి. ముందు తాళాల చప్పుడొచ్చేది, తర్వాత ఆవిడొచ్చేది. అందరూ తాళాలావిడనే అనేవాళ్లు. చెక్క మెట్లు, ఎత్తు మంచం, దిండ్లకి ఎండ వాసన. ఇక ఆ తోట... ఎలా చెప్పను నీకు. మోకాలెత్తు మొక్కల్ని గోడల్లా కత్తిరించి, చక్రాలూ నక్షత్రాలూ వేసి, మధ్యలో నీళ్ల తొట్టి. పొగమంచులో చూస్తే మెలకువొచ్చిందో లేదో తెలిసేది కాదు.

అన్నట్టు, ఆ ఇంటికో పద్ధతుంది. "టిఫిను గంట కొట్టేదాకా తోటవైపు కిటికీ తీయకండమ్మా" అంటుంది ఆవిడ. మీ నానమ్మ సంగతి నీకు తెలుసుగా, వద్దన్న పనే ముందు. తెల్లారగానే రెక్క ఓరగా తీసి, "ఏవండీ, ఇలా రండి" అంది. కింద ఆవిడ భర్త, పెద్దాయన, మొక్కలు కత్తిరిస్తున్నాడు. ఒకచోట గుంట, ఒకచోట గుబురు. వెనకే నాలుగడుగుల దూరంలో తాళాలావిడ, వట్టి కాళ్లతో, తాళాలు కొంగులో మూటగట్టి, చిన్న కత్తెరతో ఆయన వంకరలన్నీ సర్దుకుంటూ వస్తోంది. ఆయన ఆగితే ఆగుతుంది.

టీ ఇస్తూ మా మొహాలు చూసి పసిగట్టేసింది. "ఆయనకి చూపు ఆనడం లేదు బాబూ. నేను దిద్దుతున్నానని తెలిస్తే కత్తెర పారేస్తారు. కత్తెర పారేస్తే మంచం పడతారు. మీకు దణ్ణం పెడతా, ఆయన చెవిన వేయకండి" అంది. మేమెందుకు చెబుతాం. పైగా టిఫిను దగ్గర మీ నానమ్మ, "తోట భలే తీర్చారండీ పెద్దాయన గారూ" అంటే ఆయన మీసం సవరించుకుని, "నా తోటలో ఇంకొకళ్ల కత్తెర పడనివ్వనమ్మా" అన్నాడు. ఆవిడ రొట్టెలు తెచ్చే నెపంతో లోపలికెళ్లిపోయింది.

కొన్నేళ్లకి మళ్లీ వెళ్లాం. అప్పటికి తాళాలావిడ పోయింది. ఇల్లు కూతురు చూసుకుంటోంది. చక్రం లేదు, నక్షత్రం లేదు, అంతా అడివి. పెద్దాయన అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. నా నోరు ఊరుకోదుగా, "అదేంటండీ, తోట ఇలా వదిలేశారు" అన్నా. ఆయన, "వెనకాల కత్తెర చప్పుడు లేకపోతే నాకు చెయ్యాడదు బాబూ" అన్నాడు. "అయితే మీకు తెలుసా" అన్నా. "చూపు పోయింది గానీ చెవులకేం? మొదటి రోజు నుంచీ తెలుసు. తెలుసంటే అది రావడం మానేస్తుందని చెప్పలేదు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో మీ నానమ్మ నా చెయ్యి వదల్లేదు...

నువ్వు తిన్నావా లేదా? లే, ముందు తిను.