ఉదాహరణ లేని మాట

ఈ ఫిర్యాదులో నన్ను 'బాసీ' అని రాసుంటే ఈపాటికి ఒప్పుకుని, సంతకం గీకి, మీరిచ్చిన టీ తాగకుండానే వెళ్ళిపోయేదాన్ని పికర్స్‌గిల్ గారూ. బాసీ అంటే ఏముంది, ఊరికే పెత్తనం. ఐదేళ్ళ ఆడపిల్ల బొమ్మల మీద చేసేదీ అదే. మగపిల్లాడు చేస్తే ఆ మాట అనరనుకోండి. మా హెడ్మాస్టరు కేకలేస్తే గట్టి మనిషి. నేను కేకలేస్తే మీ బడి భోజనాల ఆఫీసుకి ఫిర్యాదు.

ఆ కాగితం ఇటివ్వండి. మీరు చదువుతుంటే అన్ని తిట్లూ ఒకేలా వినిపిస్తున్నాయి. ఒకటి కావవి.

పంతొమ్మిదేళ్ళుగా హాలిఫాక్స్‌లో మా బడి వంటగదికి పెద్దని నేనే. రోజూ రెండు వందల నలభై మంది పిల్లలు తింటారు. బంగాళాదుంపలు ఉండల్లేకుండా మెదపమంటే అది అహంకారం కిందికొస్తుందా?

సరే, మొదటి మాట. ఇంపీరియస్. నెత్తిన కిరీటం ఉన్నట్టు హుకుం జారీ చేసే రకం. "గ్రేవీ విషయంలో నోరా బ్రాత్‌వెయిట్ ఇంపీరియస్" అని టైపు చేశారు. నిజమే. నేను రుచి చూడకుండా ఒక్క గరిటెడు గ్రేవీ పిల్లల పళ్ళెంలో పడలేదు. ఒప్పు. రాసుకోండి.

రెండోది ఓవర్‌బేరింగ్. ఇది వేరు. దీనికి హుకుములతో పనిలేదు, పక్కన నిలబడితే చాలు, ఎదుటి మనిషికి ఊపిరాడదు. "ఆవిడ గదిలో ఉంటే మన అభిప్రాయం ఏమిటో మనకే గుర్తుండదు" అని ఉదాహరణ. బాగా రాసింది.

రాసింది అన్నానా? రాశారు అనుకోండి. పేరు లేదుగా.

ఇక్కడ 'హాటీ' అని టైపు చేసి, మీద అడ్డంగా కొట్టేశారు, చూశారా? ముక్కు పైకెత్తుకుని ఎదుటివాళ్ళు తక్కువని మొహం మీదే చూపించేదాన్ని హాటీ అంటారు. నాకు అన్నీ ఉన్నాయి గాని అది లేదు. అంత తేడా తెలిసి కొట్టేసిందెవరు? మా వంటగదిలో ఐదుగురం. బ్రెండాకి కోపమొస్తే 'ముసలి ఆవు' అంటుంది, అదీ నా మొహం మీదే. దానికి ఉత్తరాలెందుకు?

పదిహేనేళ్ళకే నన్ను బడి మాన్పించి తివాచీల మిల్లులో పెట్టారు. నా చదువంతా లైబ్రరీలోనే. అట్ట ఊడిందని వాళ్ళు పారేస్తున్న నిఘంటువు ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మాయి హెస్టర్‌కి అందులోంచి రోజుకో మాట నేర్పేదాన్ని. తెలిసిన మనిషి మీద ఉదాహరణ చెబితేనే పుడ్డింగ్ మీద కస్టర్డ్. తొమ్మిదేళ్ళప్పుడు అది ఏం చెప్పిందో తెలుసా? "గ్రేవీ విషయంలో మా అమ్మ ఇంపీరియస్." వాళ్ళ నాన్న విల్ఫ్‌కి నవ్వుతో పొలమారింది. నేను కస్టర్డ్ రెండు గరిటెలు పోశాను. అంత గర్వంగా ఉండింది నాకు.

ఇప్పుడు దానికి ముప్పై నాలుగు. ఆరేళ్ళుగా బడి వంటగదిలో నా పక్కనే నిలబడి క్యారెట్లు తరుగుతోంది.

మీరేం మాట్లాడకండి. రాసినవాళ్ళ పేరు మీరు చెప్పకూడదని నాకూ తెలుసు.

కాదంటే విచారణ, రాసినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఔనంటే నా ఉద్యోగం పోతుంది, వాళ్ళ పేరు బయటికి రాదు. అంతేగా? పొద్దున బస్సెక్కేటప్పుడు కాదనే చెబుదామనుకున్నాను. ఎందుకంటే దాన్ని నా ఎదుట కూర్చోబెడితే నోరు పెగలదు. గెలిచేదాన్ని. ఇదిగో, ఓవర్‌బేరింగ్‌కి ఇంకో ఉదాహరణ.

చివరి మాట మిగిలింది. హై-హ్యాండెడ్. ఇంకొకరి సంగతి వాళ్ళనడక్కుండా మన ఇష్టానికి తేల్చెయ్యడం. దీని కింద మాత్రం ఏమీ లేదు. "ఎలాగో చెప్పలేను, అనిపిస్తుంది అంతే" అని వదిలేసింది. మా ఇంట్లో దీనికి కస్టర్డ్ ఉండదు.

మార్చిలో ఎల్లండ్ బడి వంటగదికి పెద్ద కావాలని హెస్టర్‌ని ఇంటర్వ్యూకి పిలిచారు మీరు. గుర్తుందా? ఆ ఉత్తరం వచ్చినప్పుడు అది స్నానం చేస్తోంది. కవరు నేను చింపాను. చదివాను. నిఘంటువులో పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంది. మర్నాడు మీకు ఫోనొచ్చింది, రావడం లేదని. "మాట్లాడేది హెస్టరేనా?" అని మీరడిగారు. ఔనన్నాను. మా ఇద్దరి గొంతూ ఒకటే అంటారు అందరూ.

పిలుపు రాలేదని వారం రోజులు తలెత్తకుండా క్యారెట్లు తరిగింది. నేనే ఓదార్చాను. ఆ ఆఫీసు వాళ్ళకి మనుషుల విలువ తెలియదన్నాను.

ఎందుకు చేశానంటారా? విల్ఫ్ పోయాక ఇంట్లో నా మాటలు అర్థమయ్యేది దానికొక్కదానికే.

పెన్ను కింద పెట్టకండి. ఆ చివరి మాట కింది ఖాళీలో ఇదంతా రాయండి, తేదీతో సహా. కింద నా పేరు పెట్టండి. ఉదాహరణ లేకుండా మాట వదలకూడదని దానికి నేర్పింది నేనే.