ఈ జుట్టు ఏ మొక్కుది?

తిరుత్తణి కొండమీద గుండ్లు గీసే షెడ్డు. మణవాళనగర్ చెంగల్రాయుడు తల తడుపుకొని పీటమీద కూర్చున్నాడు గానీ, ఆ తల వంచడానికి మాత్రం ససేమిరా అంటున్నాడు. ఎదురుగా బావమరిది కన్నన్, ఫోను పట్టుకొని. వెనకాల క్షవరం చేసే ఎలుమలై, కత్తి పట్టుకొని.

"తల వంచు బావా. ఆయన ఎంతసేపని నిలబడతాడు?"

"ఎందుకు వంచాల? తప్పు చేసినోడు వంచాల తల. నేనేం తప్పు చేసినా?"

"మొక్కినావు. టీ కొట్టులో, అందరి ముందర. 'ఆ ముకేశ్ గాణ్ణి సెట్టర్‌గా పెట్టుకొని మన కాలేజీ కప్పు కొడితే, తిరుత్తణికి పోయి గుండు కొట్టించుకుంటా' అని నువ్వే కదా అనింది? కొట్టింది కదా కప్పు."

"కొట్టింది. ముకేశ్ వల్ల కొట్టలే. ముకేశ్ ఉన్నా కూడా కొట్టింది. రెండిటికీ తేడా లేదా?"

"అన్నా, తల తడిపి ఎంతసేపాయె. ఆరిపోతా ఉండాది. గీసేదా, వద్దా?"

"ఉండు ఎలుమలై. మొదట న్యాయం తేలాల ఈడ."

"సెట్టర్ అంటే ఎవురన్నా? ఏం ఆట అది?"

"బావను అడగవద్దు ఎలుమలై, పొద్దు గూకేదాకా చెప్తాడు. నేను చెప్తా. వాలీబాల్. అవతలోళ్ళు కొట్టిన బాలును ఒకడు ఆపుతాడు. రెండోవాడు దాన్ని వల పక్కన మెల్లగా పైకి లేపుతాడు. మూడోవాడు ఎగిరి కొడతాడు. ఆ లేపేవాడే సెట్టర్. చప్పట్లు కొట్టేవానికి, చాకిరీ లేపేవానికి. మా బావ కూడా ఒకప్పుడు అదే కాలేజీ సెట్టరే. చూడు ఆ ఉంగరం వేలు, కొక్కెం మాదిరి వంగి ఉండాది. అది విరిగినాక ఆట మానేసినాడు."

"నా వేలి సంగతి ఇప్పుడెందుకురా? ముకేశ్ సంగతి మాట్లాడు."

"సరే, ముకేశ్ సంగతే. ఫైనల్లో ఏం తక్కువ చేసినాడు వాడు?"

"మూడో సెట్టు చూసినావా నువ్వు? లేకుంటే బజ్జీలు తినేదానికి పోయినావా? లేపిన బాలంతా ఆ కొట్టే విమల్‌కే లేపినాడు. అవతల ఆవడి ఊరి టీము వాళ్ళేమన్నా గుడ్డోళ్ళా? ముగ్గురూ పోయి విమల్ ముందరే గోడ కట్టినారు. సెట్టు పోయింది."

"నాలుగో సెట్టు వచ్చింది కదా."

"విమల్ కొట్టినాడు, వచ్చింది. వానికి ఎవురు లేపినా కొడతాడు. మీ అక్క వరదమ్మ లేపినా కొడతాడు."

"మా అక్కను ఎందుకు తెస్తావు మధ్యలో? లేపేవాడు లేకుంటే కొట్టేవాడు ఏం కొడతాడు, దోమల్నా?"

"ఏం లేపినాడురా? అంతా కింద కిందనే. విమల్ వంగి వంగి కొట్టినాడు, పావం."

"కిందే లేస్తుంది మరి. సెమీఫైనల్లో వేలు వెనక్కి వంగిపోయింది వానికి. రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టుకొని ఫైనల్ ఆడినాడు బావా. ఎవురాడతారు అట్ల?"

"ఎవురు ఆడమన్నారు? వేలు బాగలేనోడు బెంచీమీద కూర్చోవాల. ఇంకో సెట్టర్ శ్యామ్‌సుందర్ లేడా ఆడేదానికి? నేనే ఆడతానని ముకేశ్ గాడు కోచ్ కాళ్ళమీద పడినాడంట. బుద్ధుండాల వానికి. ఆ వేలు పోయుంటే? పూర్తిగా పోయుంటే ఏం చేసుండును వాడు?"

"మెల్లగా బావా, జనం చూస్తా ఉండారు. తిట్టేదానికి కూడా ఇంత ఆవేశమా?"

"అన్నా, రెండోసారి తడపతా ఉండా."

"తడుపు ఎలుమలై, తడుపు."

"తడుపు తడుపు అంటాడు, కత్తి పెట్టనీడు. బావా, కడాన అయిదో సెట్టు గుర్తుండాదా? పదమూడు పదమూడు. గ్రౌండంతా ఊపిరి బిగబట్టింది. బాలు ముకేశ్ కాడికి వచ్చింది. విమల్ ఎగిరినాడు. ఆవడి వాళ్ళు ముగ్గురూ విమల్‌తోనే ఎగిరినారు. మనోడు చూడను కూడా చూడకుండా వీపు వెనక్కి లేపినాడు. ఆడ మన నటరాజన్ ఒక్కడే. ముందర ఒక్క పురుగు లేదు. ఢమాల్!"

"అది బుద్ధితో చేసిందని నమ్ముతా ఉండావా? చేయి జారింది."

"చేయి జారితే బాలు వెనక్కి పోయి సరిగ్గా నటరాజన్ చేతి కాడికి వస్తుందా?"

"దేవుని దయ."

"అట్ల రా దారికి! దేవుని దయ అంటే ఆయనకు జుట్టు ఇయ్యాల కదా? వంచు తల."

"ఒరే ఒరే, ఫోను దించు. ఫోటో తీయాకు."

"పచ్చయ్యప్ప టీ కొట్టు గ్రూపులో అందరూ కాచుకోనుండారు బావా. నీ గుండు చూడందే ఈ దినం టీ తాగేది లేదని ఒట్టేసుకున్నారు."

"ఈడ పరీక్ష పాసైతే కొట్టించుకుంటారు, ఉద్యోగం వస్తే కొట్టించుకుంటారు, బిడ్డ పుడితే కొట్టించుకుంటారు. బాలాటకు గుండంటే ఇప్పుడే చూస్తా ఉండానన్నా."

"నువ్వన్నా చెప్పు ఎలుమలై. పేరు చూస్తే చెంగల్రాయుడు, ఈ కొండమీద స్వామి పేరే. ఆయన పేరు పెట్టుకొని ఆయనకే టోపీ పెడతా ఉండాడు."

"టోపీ గీపీ అన్నావంటే చూడు. యాభై దాటింది నాకు, ఇంతవరకూ ఒక్క వెంట్రుక రాలలే. ఈ జుట్టు అంత సులభంగా వస్తుందా? సరైన మొక్కుకే పోవాల ఇది. ముకేశ్ గెలిపించినాడని నేను ఒప్పుకుంటేనే కదా కప్పు మొక్కు చెల్లేది? నేను ఒప్పుకోను."

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సరే, ఒకటి చెప్పు. నెల దినాలు బతిమాలితే కదలలే నువ్వు. నిన్న సాయంత్రం నీ అంతట నువ్వే ఫోను చేసి 'రేపు తిరుత్తణికి పోదాం, పొద్దున బండికి రా' అన్నావు. తిరువాలంగాడు దాటేదాకా తల నిమురుకుంటానే ఉంటివి. ఈడికొచ్చినాక టోకెను నువ్వే తీసినావు. పీటమీద నువ్వే కూర్చున్నావు. ఇప్పుడు గుండు వద్దంటావు. ఏంది నీ కథ?"

"గుండు వద్దనలే. కప్పుకు వద్దంటా ఉండా."

"గుండులో కప్పు గుండు, సాసరు గుండు అని వేరే వేరేగా ఉంటాయా?"

"ఎలుమలై, ఒక సంగతి చెప్పు. ఒకడు రెండు మొక్కులు మొక్కినాడనుకో. ఒక గుండుతో రెండూ తీరిపోతాయా?"

"నేనెవుర్నన్నా చెప్పేదానికి? మా నాయన మాత్రం అంటా ఉండె, ఒక మొక్కుకు ఒక జుట్టు అని. రెండోదానికి మళ్ళా పెంచుకొని రావాల. ఒకే జుట్టు రెండుతూర్లు ఇస్తే స్వామికి తెలీదా?"

"అదీ మాట. నేనూ అదే అనుకున్నా."

"రెండు మొక్కులేంది బావా? ఎవురికి రెండు మొక్కులు?"

"సుమ్మా, ఊరికే అడిగినా."

"సుమ్మా అడిగే మొకమా నీది?"

"నువ్వు ముకేశ్ సంగతి చెప్పురా. నిన్న కూడా చూసినా, బాలు కింద అడుగు పెట్టేటప్పుడు వాడి కుడికాలు ఆలస్యంగా..."

"నిన్నా? నిన్న యాడ చూసినావు?"

"దారిలో. గ్రౌండు పక్కన పోతా పోతా."

"నీ ఇల్లు ఈ పక్క. గ్రౌండు ఆ పక్క. ఏ దారి అది?"

"పాలు తెచ్చేదానికి పోయినా."

"గ్రౌండులో పాలు పోస్తా ఉండారా?"

"ఏయ్, లాయరు మాదిరి అడగొద్దు. ఒక మాట తేల్చు. కప్పు మొక్కు ఇప్పుడు చెల్లదు. ఒప్పుకుంటావా, ఒప్పుకోవా?"

"సరి. ఒప్పుకుంటా అప్పా! నీతో నా వల్ల కాదు. కప్పు విమల్ గెలిచినాడు, నటరాజన్ గెలిచినాడు, బజ్జీలాయన గెలిచినాడు. ముకేశ్ సుమ్మా నిలబడినాడు. నీ జుట్టుకు కప్పుకు సంబంధం లేదు. చాలునా? లెయ్, తల తుడుచుకో. స్వామిని చూసి బండికి పోదాం."

"కూర్చో. ఎలుమలై, తడుపు."

"మూడోసారన్నా ఇది."

"ఇదే కడాసారి. తడిపి గీయి."

"నిజంగానా అన్నా?"

"తల వంచినా కదా, కనబడలేదా?"

"బావా! చెల్లదని ఇంతసేపు కొట్లాడి, నా చేత ఒప్పించి, ఇప్పుడు దేనికి గుండు?"

"సెమీఫైనల్లో ముకేశ్ వేలు వంగినప్పుడు నువ్వేం చేసినావు?"

"నేనా? అంపైర్‌ను తిట్టినా. అందరూ తిట్టినారు. నువ్వే ఉలకలేదు, పలకలేదు. కండ్లు మూసుకొని కూర్చోనుంటివి. కునుకు పట్టిందేమో అనుకుంటి."

"ఆ శబ్దం నాకు తెలుసురా. నా వేలు విరిగినప్పుడు విన్నా. మళ్ళా ఆ దినం విన్నా. స్వామీ, కప్పు పోతే పోనీ, ఈ పిల్లోని వేలు మాత్రం నా వేలు మాదిరి కాకూడదు, నా జుట్టు నీది అని మొక్కినా. వాడు చూస్తే ఆ వేలితోనే ఫైనల్ ఆడినాడు. డాక్టరు కట్టు కట్టి, విప్పితేగానీ ఏమీ చెప్పలేనన్నాడంట. నెల దినాలు నాకు అన్నం దిగలే."

"అక్క చెప్పింది తినలేదని. షుగరేమో అనుకున్నాం."

"నిన్న కట్టు విప్పినాడు. గోడ పక్కన నిలబడి చూసినా. పది వేళ్ళతోనూ లేపినాడురా బాలు. ఎంత మెత్తగా లేచిందో! ఎంత మెత్తగా..."

"బావా, కండ్లల్లో నీళ్ళా?"

"తలమీద పోసినవి. మూడుతూర్లు పోసినాడు కదా."

"మరి ఇంతసేపూ వాణ్ణి ఎందుకు తిట్టి పోసినావు?"

"నువ్వు ఈ జుట్టును కప్పు కింద జమ కట్టేస్తే వేలికి నేనేమి ఇచ్చేది? ఉండేది ఒకటే తల."

"అంటే ముకేశ్ బాగా ఆడినట్టా, ఆడనట్టా?"

"మూడో సెట్టు వాడే చెడగొట్టినాడు. దాంట్లో మార్పు లేదు."

"నువ్వు మారవు. సరే, గుండు అయిపోయింది, ఇట్ల చూడు. ఫోటో తీసినా. గ్రూపులో ఏమని రాసేది?"

"వేలి సంగతి రాయొద్దు. కప్పుకు మళ్ళా పెంచుకొని వస్తాడని రాయి."