నీలం చొక్కావాడి కేక

అక్టోబరు శనివారం, మధ్యాహ్నం. బెల్మోర్ కాలేజీ స్టేడియంలో, పొరుగు రాష్ట్రం నుంచి ఆట చూడ్డానికి వచ్చిన హార్లన్ కాలేజీ వాళ్లకు వదిలేసిన ఎండ మూల. పై నుంచి రెండో వరస.

“ఇంతకీ నువ్వేమన్నా తిన్నావా ఎర్లీన్ పిన్నీ?”

“తినకుండా పోనిస్తార్రా వీళ్లు! కారు దిగానో లేదో, ఎర్ర చొక్కాల ముఠా ఒకటి చుట్టూ మూగి ‘జుయ్’మంటూ ఒకటే మోత. కందిరీగ తమ కాలేజీ గుర్తని మహా గొప్ప కదా వీళ్లకి. ఒకడైతే, ‘కంచర గాడిదొచ్చింది, గడ్డి వెయ్యండర్రా’ అన్నాడు. వాడి అమ్మ వయసుంటుంది నాకు!”

“మన కాలేజీ గుర్తు కంచర గాడిదేగా. అబద్ధమేం చెప్పలేదు.”

“చెప్పలేదు. అయినా నేనూరుకుంటానా? ‘గడ్డి సంగతి తర్వాత, ముందు నీ పొయ్యి మీద పక్కటెముకలు మాడిపోతున్నాయి, చూసుకో’ అన్నాను. అంతే! కుర్చీ వేశారు. పంది పక్కటెముకలు, మొక్కజొన్న రొట్టె, తియ్యటి టీ. వాడి పెళ్లామైతే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మూట కట్టి మరీ ఇచ్చింది. ఇదిగో, తీసుకో.”

“తిట్టినవాళ్ల చేతి తిండేనా?”

“తిట్టు తిట్టే, తిండి తిండే. ఇరవై రెండేళ్లుగా మన జట్టు వెనకాల ఊళ్లు పట్టుకు తిరుగుతున్నా. తిట్టి, అన్నం పెట్టని ఊరు ఒక్కటే చూశాను. మళ్లీ దాని మొహం చూళ్లేదు. నువ్వేం తిన్నావు?”

“ఆకలి లేదు.”

“ఆకలి లేదా! హాలిస్ ప్రూయిట్‌కి ఆకలి లేదా! పోయినసారి వానలో, గొడుగు కింద దూరి నాలుగు సాసేజీలు లాగించినవాడివి. ఒంట్లో బాలేదా?”

“ఎండ పిన్నీ. చూడు, నీడంతా వాళ్లకి, ఎండంతా మనకి.”

“ఎప్పుడూ అంతే కదరా, చుట్టాలకి ఎండే వేస్తారు. ఇంతకీ రోవీనా ఏదీ? నీ పెళ్లాం లేకుండా నువ్వొక్కడివీ వచ్చింది నేనెప్పుడూ చూళ్లేదు.”

“వచ్చింది.”

“ఏదీ?”

“అటు.”

“అటంటే? దొడ్డికా?”

“కాదు. అటువైపు. నీడలో.”

“నీడలో ఉన్నవన్నీ ఎర్ర చొక్కాలు కదరా.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి ఊఁ! రోవీనా ఎర్ర చొక్కా వేసుకుందా?”

“ఆరు గంటలు కార్లో నా పక్కన బుద్ధిగా తెల్ల చొక్కాలో కూర్చుంది. ఊరి పొలిమేరలో పెట్రోలు బంకు దగ్గర ఆపమంది. లోపలికి వెళ్లి, నెత్తి నుంచి నడుందాకా ఎరుపులో బయటికొచ్చింది. ముక్కు మీద ఇంత ఎర్ర చుక్క కూడా పెట్టుకుంది.”

“నువ్వేమన్నావు?”

“టాంకు నిండిందా అన్నాను.”

“హహ్హ! అయితే వేడ్ ఇవాళ ఆడుతున్నాడన్నమాట.”

“ఆడతాడు. వీళ్లకి బంతి తన్నేవాడు వాడేగా.”

“వాడితో మాట్లాడావా?”

“ఈ కాయలు బాగున్నాయి పిన్నీ. ఉప్పు సరిగ్గా పడింది.”

“ఉప్పు సంగతి నేనడిగానా? కొడుకుతో మాట్లాడావా లేదా?”

“మే నెల్లో మాట్లాడాను.”

“ఇప్పుడు అక్టోబరు.”

“తెలుసు.”

“మేలో ఏమన్నావు?”

“ఊరంతా చెప్పుకున్నారుగా, నీకు తెలీదా?”

“ఊరు చెప్పింది విన్నాను. నీ నోట విందామని.”

“మా నాన్న హార్లన్ నీలం, నేను నీలం. నువ్వు రెండేళ్లు ఆ నీలం చొక్కాలో ఉండి, ఇప్పుడు పోయి పోయి బెల్మోర్‌లో చేరతావా? ఎర్ర చొక్కాతో నా గుమ్మం తొక్కకు. అదే అన్నాను.”

“వాడేమన్నాడు?”

“‘సరే నాన్నా’ అన్నాడు. అంతే. వెళ్తూ తలుపు కూడా మెల్లిగా వేసి వెళ్లాడు.”

“ధడాల్న వేసుంటే బాగుండేది.”

“బాగుండేది. పోట్లాడ్డానికి వీలుండేది.”

“నిజం చెప్పనా అబ్బాయ్? వాడు పోయిన రోజు నేనూ తిట్టాను. రెండ్రోజులు తిట్టాను. మూడో రోజు ఆలోచిస్తే, మన కోచ్ వాణ్ణి రెండేళ్లు బెంచీకి మేకు కొట్టి కూర్చోబెట్టాడు. ఆడేవాడు ఆడించే చోటికి పోడా మరి?”

“నేనూ ఆలోచించాను.”

“ఎన్నో రోజు?”

“నూట పదో రోజు. అప్పటికి ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.”

“లే, లే, లే! వాళ్లు తన్నబోతున్నారు! లే, గొంతందుకో!”

“నువ్వరుచుకో పిన్నీ.”

“నేనరిస్తే పక్క వరసకి వినపడదు! వాళ్లవాడు తన్నేటప్పుడు వాడి చెవుల్లో తుప్పు వదిలేలా అరవాలి, అదేగా మనమొచ్చింది. నీ కేక లేకపోతే ఈ మూలకి విలువేంటి? పదిహేనేళ్లుగా ముందు నువ్వు అందుకుంటావు, తర్వాత మేమంతా అందుకుంటాం.”

“వాడు వేడ్ పిన్నీ.”

“ఎర్ర చొక్కా వేసుకున్నాడుగా!”

“నేనరవను. చప్పట్లూ కొట్టను. నోరు మూసుకుని కూర్చుంటాను. నన్నొదిలెయ్.”

“సరే, చచ్చినట్టు నేనే అరుస్తా. ఊఊఊ! పడిపో! ఊఊఊ! ఆఁ, తప్పింది! స్తంభాల మధ్యకి పోకుండా రెండు గజాలు పక్కకి పోయింది!”

“మంచిది.”

“మంచిదంటూ ఆ మొహమేంట్రా?”

“ఎండ.”

“ఎండ మీదే అన్నీ తోసెయ్. ఫోను మోగుతోంది చూడు. నీదే.”

“హలో.”

“హాలిస్, చూశావా?”

“చూశాను రోవీనా.”

“తప్పాడు. ఇది మూడు ఆటల్లో అయిదోది. కోచ్ వాడి మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు. ఇవాళ ఇంకొక్కటి తప్పితే వచ్చే వారం నుంచి ఇంకొకణ్ణి దించుతాడట.”

“ఎవరు చెప్పారు?”

“పక్క సీటావిడ. ఆ ఇంకొకడు ఆవిడ కొడుకే. చెప్తూ నవ్వాపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.”

“నువ్వేమన్నావు?”

“రుమాలు బాగుందన్నాను. హాలిస్, మనింట్లో ఉన్నప్పుడు వాడు ఇలా తప్పేవాడా?”

“లేదు.”

“మరిక్కడేమైంది?”

“నాకేం తెలుసు? నేను మాత్రం ఏం చెయ్యను? నోరు మూసుకుని కూర్చున్నాను. మా మూలంతా వాణ్ణి తిడుతుంటే నేనొక్కణ్ణీ నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక తండ్రి ఇంతకంటే ఏం చేస్తాడు?”

“నువ్వెక్కడున్నావో వాడికి చెప్పాను. ఎండ మూల, పై నుంచి రెండో వరస అని.”

“ఎందుకు చెప్పావు!”

“అడిగాడు కాబట్టి.”

“అడిగాడా?”

“పొద్దున ఆటగాళ్లంతా బస్సు దిగి జనం మధ్యలోంచి నడిచి వెళ్లారుగా. మేం దారికి రెండు పక్కలా నిలబడ్డాం. నా చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగింది అదే, ‘నాన్నొచ్చాడా’ అని.”

“నువ్వేమన్నావు?”

“వచ్చాడ్రా, నీలం చొక్కాతోనే వచ్చాడన్నాను. నవ్వాడు. వచ్చాడుగా, చాల్లే అన్నాడు.”

“ఉండు, కాయల మూట జారిపోతోంది.”

“హాలిస్? ఉన్నావా?”

“ఉన్నాను. పెట్టేస్తున్నా.”

“ఏమంటుందిరా?”

“ఏం లేదు పిన్నీ. పక్కావిడ నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు బాగుందట.”

“మొగుడూ పెళ్లాలిద్దరికీ ఎండ తగిలినట్టుంది. ఇదిగో, ఆట చూడు.”

“చూస్తున్నా.”

“ఎక్కడ చూస్తున్నావు? బంతి అటుంటే నువ్వు వాళ్ల బెంచీ వైపు చూస్తున్నావు.”

“ఒక్కడే కూర్చున్నాడు పిన్నీ, చివర్న. పక్కన ఎవ్వరూ లేరు.”

“తన్నేవాళ్ల పక్కన ఎవ్వరూ కూర్చోరు. తప్పితే అంటుకుంటుందని భయం.”

“చిన్నప్పుడు చర్చిలో కూడా అలాగే కూర్చునేవాడు, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని.”

“అంత ప్రేమ కారిపోతుంటే లేచి ఆ నీడలోకి పోరాదూ? నేనెవరికీ చెప్పను.”

“ఈ చొక్కాతోనా?”

“విప్పి నా సంచిలో పెట్టు.”

“విప్పను. మా నాన్నని ఈ రంగులోనే సాగనంపాం.”

“మళ్లీ మొదటికొచ్చావు. ఏడవక్కర్లేదు, అలాగే కూర్చో. అబ్బ, టైమెంతుంది?”

“పదకొండు సెకన్లు.”

“మనం రెండు పాయింట్లు ముందున్నాం. అమ్మయ్య! ఈ పదకొండు సెకన్లూ గడిస్తే, ఇక్కణ్ణించి ఇంటిదాకా తొడ కొట్టుకుంటూ... ఆఁ? ఏమైంది? ఎందుకాపారు?”

“వాళ్లు తంతారట.”

“అంత దూరం నించా! స్తంభాల మధ్యలోంచి పోయిందంటే మూడు పాయింట్లు. మన పని గోవిందా! ఎటువైపు తంతారు?”

“ఇటే. మన కిందున్న స్తంభాల మధ్యకే.”

“దేవుడున్నాడు! ఇటైతే మన పాలబడ్డాడు. చూడు, వాళ్లవాళ్లంతా ఎలా నోళ్లు కుట్టేసుకున్నారో. వాళ్లవాడు తంతుంటే వాళ్లు చప్పుడు చెయ్యరు. ముప్ఫై వేలమంది, చీమ దగ్గినా వినిపిస్తుంది. ఇంక వినపడేది మన మూలొక్కటే. హాలిస్! నీ కాళ్లు పట్టుకుంటా, ఈ ఒక్కసారికి నీ కొడుకని మర్చిపో!”

“వాడెలా ఉన్నాడు పిన్నీ? నాకు సరిగ్గా కనబడ్డంలేదు.”

“ఎండేనా?”

“ఎండ కాదు. చెప్పు.”

“ఎలా ఉంటాడు? బంతి దగ్గరికొచ్చాడు. అడుగులు కొలుచుకుంటున్నాడు. ఆగాడు. ఇటు తిరిగాడు. ఓరి వీడి పొగరు మాడ! చూశావా, చూశావా?”

“ఏంటి?”

“చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు! మన మూలకేసి చూసి! ‘అంతేనా మీ అరుపు’ అని వెక్కిరిస్తున్నాడు! నిన్నమొన్నటిదాకా మన చొక్కా తొడుక్కున్న వెధవ!”

“ఏ చెయ్యి?”

“ఏ చెయ్యైతేనేం!”

“ఏ చెయ్యి పిన్నీ!”

“ఎడమ చెయ్యి! కాదు, ఉండు... ఎడమదే. ఎందుకూ? ఎందుకు లేస్తున్నావు?”

“జరుగు. బెంచీ ఎక్కాలి.”

“పడతావురా!”

“నా బెల్టు పట్టుకో. ఒరేయ్ వేడ్! వేడ్ ప్రూయిట్! వంకర కాలి వెధవా! అది కాలట్రా, చీపురు కట్టరా! మీ నానమ్మ కర్ర పట్టుకుని తన్నినా నీకంటే దూరం పోతుందిరా! నీ వల్ల కాదు! నీ జన్మలో నీ వల్ల కాదు! తన్నరా చూస్తా! తన్నూ!”

“అద్దీ! అదీ హాలిస్ ప్రూయిట్ అంటే! అరవండర్రా, హాలిస్ అందుకున్నాడు, అందరూ అరవండి! ఊఊఊ!”

“తన్నరా వెధవా!”

“తన్నాడు! పక్కకి పో, పక్కకి పో, పక్కకి... అయ్యో. అయ్యో అయ్యో.”

“మధ్యలోంచి పోయింది.”

“నట్టనడుమ. గీత గీసినట్టు. ఓడిపోయాం రా.”

“ఊఁ.”

“విను ఆ మోత. స్టేడియం మొత్తం కందిరీగల తుట్టె కదిపినట్టుంది. వాణ్ణి భుజాల మీదికెత్తారు చూడు. ఆ రుమాలావిడ ఇప్పుడేం అడ్డం పెట్టుకుంటుందో.”

“రోవీనా గెంతుతోందా?”

“ఎవత్తో ఒకామె కుర్చీ మీద గెంతుతోంది, మీ ఆవిడే అయ్యుంటుంది. దిగు, దిగు, కాలు జారుతుంది. ఇదేంట్రా, ఏడుస్తున్నావా? ఊరుకో. ఆటన్నాక ఓటమి ఉండదా? వచ్చే ఏడు వీళ్లే మనూరొస్తారు, ఎండలో కూర్చోబెట్టి కసి తీర్చుకుందాం. నీ తప్పేం లేదు. నువ్వరిచిన అరుపుకి ఆ చారల చొక్కా రిఫరీ కూడా అదిరిపడి వెనక్కి చూశాడు. నాకొకటే అర్థం కాదు. అంత దారుణంగా తిట్టావే, వాడు కనురెప్ప కూడా వెయ్యలేదేంట్రా?”

“వెయ్యడు పిన్నీ. వాడికి ఏడేళ్లప్పట్నుంచి పెరట్లో నేనే నేర్పాను. పరాయి ఊళ్లో ఎవడరిచినా బెదరకూడదని, బంతి పెట్టిన ప్రతిసారీ వెనక నిలబడి ఇవే తిట్లు తిట్టేవాణ్ణి. చివరికి ఆ తిట్లు చెవిన పడకపోతే వాడికి కాలే ఆడకుండా పోయింది. నా గొంతు అందకపోతే, ఇంకా గట్టిగా నాన్నా అని, ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అడిగేవాడు.”

“ఒరేయ్ దొంగ సచ్చినోడా! అంటే ఇవాళ మనల్ని ఓడించింది వాడి కాలు కాదు, నీ గొంతా?”

“అడిగాడు పిన్నీ. అయిదు నెలల తర్వాత నా కొడుకు నన్నొకటి అడిగాడు. ఎలా కాదంటాను?”