నాలుగో ఎత్తు

ఆర్మూర్ల పసుపు కుప్ప పక్కన, గోనెసంచి మీద గీసిన చీనా చదరంగం ముంగట మొగుడు పెండ్లాం కూసున్నరు. దుబాయి నుంచి మూడేండ్లకు వచ్చిన మొగుడు, రేపు మార్కెట్‌ల బేరం తానే చేస్త అన్నడు. ముందుగాల గీ ఆటల నన్ను గెలువు అన్నది ఆమె. ఓడినోళ్లు సంచులకాడ కావలుండాలె. నడుమ ఒక పావు ఉంటెనే దాని మీదికెల్లి దుంకి కొట్టేది ఫిరంగి; నాలుగో ఎత్తుకు ఆమె రెండో ఫిరంగిని, రాజుకు ఎదురుంగ ఉన్న మొదటిదాని ఎనుక పెట్టింది.

“రాజుకు దెబ్బ.”

“గప్పుడేనా? పక్కకు జరుగుత.”

“రెండు పక్కల నీ కాపలోళ్లే నిలవడ్డరు.”

“అడ్డం ఒకన్ని పెడత.”

“పెట్టు. వాని మీదికెల్లి ముంగటి ఫిరంగి దుంకుతది.”

“పోయినసారి వచ్చినప్పుడు గీ ఆట నేర్పింది నేనే కదనే! మా క్యాంపుల చీనా దోస్త్ గూడ నన్ను గింత జల్ది కట్టలే.”

“బీడీలు చుట్టుకుంట మూడేండ్లు గిదే వెతికిన, అన్నిటికన్న తక్కువ ఎత్తులల్ల రాజును ఎట్ల కట్టాలె అని. ఇరవై నుంచి నాలుగుకు దించిన.”

“నేను సూస్కోలే. మళ్ల ఆడుదాం.”

“మళ్ల ఆడితె నాలుగుల కాదు. ఎదుటి మనిషిని లెక్కచెయ్యనోని మీదనే నాలుగుల అయితది.”

“ఆడమనిషివి, బేరం నీకేం ఎరుక?”

“మూడు పంటలు ఎవరు అమ్మిండ్రనుకున్నవ్? లే. పొద్దుగాల బండి వస్తది. సంచులకాడ ఎండ మస్తుంటది, తువ్వాల తెచ్చుకో.”